మా రిజిస్టర్డ్ ఆఫీసు సాకేత్‌లో ఉంది

ఫీజు తీసుకునే వకీలు మనం చెప్పింది కాసేపైనా వింటాడు. ఉచితంగా పనిచేసే వకీలుకి ఆ అవసరం లేదు, తనకి తోచింది చేసేస్తాడు. ఈ సంగతి నాకు ఢిల్లీ వచ్చిన ఇన్నేళ్లకి, జుట్టు సగం నెరిశాక తెలిసొచ్చింది.

ముందు మా గది గురించి చెప్పాలి. ఆర్.కె. పురంలో మేముండే ప్రభుత్వ క్వార్టర్లలో, కుళాయి కారినా ఫ్యూజు పోయినా ఫిర్యాదు రాయించుకునే చిన్న ఆఫీసు ఒకటి ఉంది. అందరూ దాన్ని ఎంక్వైరీ అంటారు. దాని వెనక ఒక స్టోరు గది. ఒకప్పుడు నిండా పగిలిన వాష్ బేసిన్లు, తుప్పు పట్టిన పైపులు ఉండేవి. చాలా ఏళ్ల కిందట ఆ ఎంక్వైరీలో పనిచేసిన ఇంజనీరు కూతురికి నేను వయొలిన్ నేర్పేదాన్ని. ఆ పిల్ల మా ఇంట్లో కమాను పట్టుకోగానే మా పై ఫ్లోరు అంకుల్ కర్ర తీసుకుని నేల మీద పొడిచేవాడు. ఆ పోరు పడలేక ఇంజనీరు గారే ఒకరోజు స్టోరు గది ఖాళీ చేయించి, తాళంచెవి నా చేతిలో పెట్టారు.

"దీదీ, ఆప్ హీ రఖ్ లీజియే. కోయీ పూఛే తో కెహ్ దేనా, చాబీ ఎంక్వైరీ మే హై" అన్నారు. ఎవరైనా అడిగితే తాళంచెవి ఎంక్వైరీలో ఉందని చెప్పమన్నమాట.

ఎవరూ అడగలేదు. ఆయన బదిలీ మీద వెళ్లిపోయారు. ఆయన తర్వాత వచ్చినాయనా వెళ్లిపోయాడు. గదిలోంచి మృదంగం మోగుతుంటే దాని ముందు నుంచే నడిచి వెళ్తూ అందరూ ఎంచక్కా వేరే వైపు చూసేవారు. ఇవ్వడానికి ఎవరికీ అధికారం లేదు కాబట్టి ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వలేదు కాబట్టి వెనక్కి తీసుకోవాల్సిన పనీ ఎవరికీ పడలేదు. ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరుగా పనిచేసే మా ఆయన ఈ ఏర్పాటుని చూసి మురిసిపోయేవారు. "ఫైలు పుట్టనంత కాలం మీ గదికి ఢోకా లేదు" అనేవారు.

అలా ఒక్క పిల్లతో మొదలైంది నలుగురైంది, నలుగురు పెద్ద గుంపయ్యారు. డ్రైవర్ల పిల్లలు, గుమాస్తాల పిల్లలు, ఒకరిద్దరు ఆఫీసర్ల పిల్లలు. అందరూ కుర్రకారే, పదమూడు నుంచి ఇరవై లోపు. వయొలిన్ నేను చెబుతాను. మృదంగం చెప్పేది ఒక రిటైరైన స్టెనో గారు, ఆయనకి చెవి కాస్త దూరం, చెయ్యి మాత్రం అద్భుతం. ఫీజులు లేవు, పేరు లేదు, బోర్డు లేదు. సాయంత్రం కాగానే చెప్పులన్నీ గుమ్మం ముందు పోగవుతాయి, అంతే.

ఈ గుంపులో ఒక పిల్ల ఉంది. వాళ్లది శ్రీకాకుళం. తండ్రి ఏదో మంత్రిత్వ శాఖలో కారు డ్రైవరు. పిల్ల మాత్రం ఢిల్లీలోనే పుట్టింది. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతుంది, స్వరాలు మాత్రం చక్కటి తెలుగులో పాడుతుంది. ఆడపిల్లని సాయంత్రం బయటికి పంపడం తండ్రికి సుతరామూ ఇష్టం లేదు. మరి ఎలా పంపాడంటే, వాళ్ల క్వార్టరు బాల్కనీలో నిలబడితే మా గది తలుపు కనిపిస్తుంది. తల్లి బట్టలారేస్తూ, చిక్కుడుకాయలు ఒలుస్తూ ఆ తలుపు మీద ఒక కన్నేసి ఉంచేది. ఆ పిల్ల వరకు మాకున్న అనుమతి ఆ బాల్కనీ ఒక్కటే.

నాకు ఆ పిల్లంటే ప్రాణం. దాచుకోవడం ఎందుకు? ఇన్నేళ్లలో నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో నాకన్నా బాగా వాయించబోయేది అదొక్కతే. ఎడమచేతి వేళ్ల చివర్లు కాయలు కాచి, తీగల గాట్లు పడి ఉండేవి. పండగకి తల్లి గోరింటాకు పెడితే ఆ కాయల మీద రంగు పట్టేది కాదు, అది వాటిని చూసుకుని తెగ గర్వపడేది.

నగరంలో ఒక సాంస్కృతిక కేంద్రం వాళ్లు ఏటా యువతీ యువకుల కచేరీలు పెడతారు. అక్కడ మా వాళ్లని ఎక్కించాలని నాకు కోరిక, ఆ పిల్ల ముందు వరసలో కూర్చోవాలని మరీ కోరిక. వెళ్లి అడిగితే, రిజిస్టరైన సంస్థ అయితేనే స్టేజి ఇస్తామన్నారు. అక్కడ పడింది మాకు పీటముడి.

ఆదివారాలు మా ఇంటికి భోజనానికి వచ్చే అమ్మాయి ఒకతె ఉంది. నా చిన్ననాటి స్నేహితురాలి కూతురు, గుంటూరు పిల్ల, సాకేత్‌లో ఒక పెద్ద వకీళ్ల కంపెనీలో ఉద్యోగం. ముద్దపప్పులో నెయ్యి కలుపుకుంటూ ఈ కథ విని, "అయ్యో ఆంటీ, ఇదెంత పని! మా ఆఫీసు వాళ్లు ఫ్రీగా చేసిపెడతారు. ప్రో బోనో అంటారులెండి. మేం ప్రతి ఒక్కరం ఏడాదికి కొన్ని గంటలు ఇట్టాంటి పని చేసి తీరాల. చెయ్యకపోతే అప్రైజల్లో అడుగుతారు" అంది.

పుణ్యం కూడా అప్రైజల్లోకి ఎక్కిందన్నమాట అనుకున్నాను. అయినా ఊరికే వస్తున్నదాన్ని కాదనడం మన రక్తంలో లేదు కదా.

సాకేత్‌లో వాళ్ల ఆఫీసు చాలా ఎత్తున ఉంది. కిటికీలోంచి చూస్తే మాల్ కప్పు మీది నీళ్ల ట్యాంకులు కనిపిస్తాయి. మా స్టోరు గది పట్టేంత పొడుగు బల్ల చుట్టూ జనం కూర్చున్నారు. చిన్న చిన్న సీసాల్లో మంచినీళ్లు, వెండి పళ్లెంలో బిస్కెట్లు. ఒక్కొక్కరూ లేచి తాము ఏం చేస్తారో చెప్పారు. ఒకాయన కంపెనీలని కలుపుతాడు. ఒకావిడ దివాళా తీసినవాటిని చూసుకుంటుంది. ఒక కుర్రాడు విమానాల లీజులు రాస్తాడు. చిన్న ట్రస్టుని రిజిస్టరు చేసిన మొహం ఒక్కటీ లేదు. మాకు కావలసింది పట్టుమని పది కాగితాల పని. వీళ్ల వాటం చూస్తే భారతదేశాన్ని మళ్లీ రిజిస్టరు చేయించేలా ఉన్నారు.

మొదటి ప్రశ్న, మా వల్ల వాళ్ల క్లయింట్లలో ఎవరికైనా ఇబ్బంది ఉందా అని.

"మా పై ఫ్లోరు అంకుల్ మీ క్లయింటా?" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఒకమ్మాయి ఆయన ఇంటిపేరు అడిగి రాసుకుంది.

తర్వాత సంగీతం అంటే ఏమిటన్న చర్చ వచ్చింది. దస్తావేజులో సంగీతాన్ని నిర్వచించకపోతే రేపు చిక్కు వస్తుందట. ర్యాప్ సంగీతమేనా అన్నారొకరు. కూనిరాగం వస్తుందా అన్నారు ఇంకొకరు. విమానాల కుర్రాడు, డీజే సంగతేమిటని అడిగాడు. మధ్యాహ్నం భోజనం వేళ దాటిపోయింది, నా కడుపులోంచి వస్తున్న చప్పుడు కూడా నిర్వచనంలోకి వచ్చేలా ఉంది. ఊహ తెలిసినప్పటి నుంచి వయొలిన్ పట్టుకున్నాను, సంగీతం అంటే ఏమిటో అన్న అనుమానం నాకు ఏనాడూ రాలేదు. చివరికి, మనిషి గానీ వాద్యం గానీ ఉద్దేశపూర్వకంగా పుట్టించే ఏ ధ్వని అయినా సంగీతమే అని తేల్చారు. దాని ప్రకారం పై ఫ్లోరు అంకుల్ కర్రపోట్లు కూడా సంగీతమే.

మధ్యలో ఆ కంపెనీకి పెద్ద వకీలు గారు వచ్చి వెళ్లారు. తండ్రి ఒకప్పుడు పెద్ద అధికారి, తనతో చదువుకున్నవాళ్లందరూ ఇప్పుడు పెద్ద అధికారులు. నిలబడే నా వైపు చూసి, ఈ పని నా మనసుకి చాలా దగ్గరైంది అని ఇంగ్లీషులో చెప్పి, గడియారం చూసుకుని వెళ్లిపోయారు.

నేను పెట్టిన షరతు ఒక్కటే. "మా గది గురించి ఎవరికీ ఒక్క ముక్క రాయకండి. మాట్లాడనూ వద్దు. అసలు అలాంటి గది ఒకటి ఉందని మర్చిపోండి."

గుంటూరు అమ్మాయి అది ఇంగ్లీషులో మరింత గట్టిగా చెప్పింది. అందరూ తలలూపారు. ఆ ఊపడం చూసి నేను నమ్మాను. క్లయింటుకి ప్రెమిసెస్ విషయంలో, అంటే గది విషయంలో, ఆందోళన ఉంది అని వాళ్లు నోట్ చేసుకున్నారని తర్వాత తెలిసింది.

వర్షాకాలం మొదట్లో ఒక శనివారం వాళ్లంతా ఒకే రంగు టీషర్టులు వేసుకుని మా గదికి దిగారు. సేవ చేస్తారట. పిల్లలకి హక్కుల గురించి పాఠం చెప్పారు. తర్వాత రంగు డబ్బాలు తీశారు. గది లోపలకి వేస్తారు కాబోలు అనుకుని నేను స్టెనో గారికి టీ పెట్టడానికి ఇంటికి వెళ్లాను. వచ్చి చూద్దును కదా, బయటి గోడ మొత్తం నిమ్మపండు పసుపు. దాని మీద నల్లగా పాశ్చాత్య స్వరాల గుర్తులు, అవి మాలో ఎవరికీ చదవడం రాదు. ఇన్నేళ్లూ ఎవరి కంటా పడకుండా నెట్టుకొచ్చిన గది, ఇప్పుడు మెయిన్ రోడ్డు మీద బస్సెక్కేవాడికి కూడా కనిపిస్తోంది.

మా ఆయన సాయంత్రం బజారు నుంచి వస్తూ అక్కడ ఆగిపోయారు. చాలాసేపు చూసి, "మీ వకీళ్లు పెట్టిన ముహూర్తం బాగుంది" అని ఇంట్లోకి వెళ్లిపోయారు.

ఆ రోజు ఫోటోలు తీయడానికి ఒకమ్మాయిని కూడా తెచ్చుకున్నారు. పిల్లల మొహాలు తీయకూడదని వాళ్లకో నియమం. ఆ నియమం మంచిదే, దాన్ని నేనేమీ అనను. అందుకని ఆ అమ్మాయి మా శ్రీకాకుళం పిల్ల ఎడమచేతికి కెమెరా ఆనించినంత దగ్గరగా పెట్టి, తీగల మీది వేళ్లని మాత్రం తీసుకుంది. "వావ్, సచ్ హ్యాండ్స్!" అంది. పిల్ల సిగ్గుపడి నవ్వింది.

తర్వాత ఉత్తరం పడింది.

ట్రస్టు రిజిస్ట్రేషనుకి చిరునామా కావాలి. మా ఇంటిది పెట్టడానికి లేదు, ప్రభుత్వ క్వార్టర్లో సంస్థ నడపకూడదు. ఎవరో తెలిసినవాళ్ల సొంతిల్లు చూస్తాను, కాస్త ఆగండి అన్నాను. ఆగితే వకీళ్లు ఎలా అవుతారు? మా క్వార్టర్ల నిర్వహణ చూసే ఆఫీసుకి, ముగ్గురు పై అధికారులకి నకళ్లతో, అట్టలాంటి కాగితం మీద ఉత్తరం రాశారు. ఫలానా గదికి అభ్యంతరం లేదని ధ్రువపత్రం ఇవ్వవలసిందట. ఎందుకు ఇవ్వాలో కూడా రాశారు. ఈ సంస్థ ఆ గదిని దీర్ఘకాలంగా, నిరంతరాయంగా, బహిరంగంగా, ఎవరి ఆటంకమూ లేకుండా తన స్వాధీనంలో ఉంచుకుని ఉన్నదట.

వాళ్ల దృష్టిలో అది మా గొప్పతనం. సర్కారు చెవికి ఆ మాటలు ఎలా వినిపిస్తాయో ఆ ఎత్తైన ఆఫీసులో ఒక్కరికీ తట్టలేదు. మా ఆయన నకలు చదివి కుర్చీలో కూర్చుండిపోయారు. "దొంగ తనంతట తాను స్టేషనుకి వెళ్లి, ఇన్నేళ్లుగా దొంగతనం చేస్తున్నాను, ఎవరూ పట్టుకోలేదు, సర్టిఫికెట్ ఇవ్వండి అన్నట్టుంది" అన్నారు. ఆయన నవ్వుతున్నారో ఏడుస్తున్నారో నాకు అర్థం కాలేదు.

గుంటూరు అమ్మాయికి ఫోన్ చేసి చెడామడా తిట్టాను. "నేను చెప్పా ఆంటీ, రాయద్దని మొత్తుకున్నా. డ్యూ డిలిజెన్స్ అన్నారు, అన్నీ కాగితం మీద ఉండాలంట. నా మాట ఎవరు ఇంటారు, నేను జూనియర్ని" అని అది ఏడ్చేసింది. ఏడ్చేవాళ్లని ఇంకేం తిడతాం?

ఉత్తరం వెళ్లింది కాబట్టి ఫైలు పుట్టింది. ఫైలు పుట్టింది కాబట్టి, ఇన్నాళ్లూ మొహం తిప్పుకుని వెళ్లినవాళ్లంతా ఇప్పుడు తలో నోటు రాయవలసి వచ్చింది. ఇప్పుడు ఎంక్వైరీలో ఉన్న ఇంజనీరు మంచివాడు. మా గుమ్మంలో నిలబడి, "మేడమ్, ఆప్‌నే లిఖ్ కే క్యోం పూఛా? అబ్ తో జవాబ్ దేనా పడేగా" అని వాపోయాడు. రాసి అడిగారు కాబట్టి రాసి జవాబివ్వాలి. రాసిచ్చే జవాబు ఒకటే ఉంటుంది. మర్నాడు పిల్లల చేత వాద్యాలు బయటికి మోయించి, తలుపుకి కొత్త తాళం వేసి, దాని చుట్టూ తెల్లగుడ్డ చుట్టి లక్క ముద్ర కొట్టారు. పసుపు గోడ మీద ఆ ఎర్ర ముద్ర ఎంతో శోభగా ఉంది.

"ఆంటీ, కల్ కహా?" అంది మా శ్రీకాకుళం పిల్ల, వయొలిన్ పెట్టె గుండెలకి హత్తుకుని. రేపెక్కడ అని.

ముందు వాద్యాలన్నీ మా ఇంటికి పట్టించాను.

వకీళ్లకి ఫోన్ చేస్తే వాళ్ల గొంతుల్లో పండగ. "ఇప్పుడు మనకి నిజమైన కేసు దొరికింది మేడమ్" అన్నాడు విమానాల కుర్రాడు. హైకోర్టులో రిట్ వేద్దామన్నాడు. సంగీతం కూడా జీవించే హక్కులో భాగమని వాదించవచ్చట. స్టెనో గారికి ఈ మాట చెవిలో అరిచి చెబితే, "తీర్పు వచ్చే నాటికి ఈ పిల్లలు వాళ్ల పిల్లల్ని నేర్పించడానికి తీసుకొస్తారు" అన్నారు.

ఈలోగా వాళ్ల కంపెనీ తన సేవలన్నీ చెప్పుకునే ఏడాది పుస్తకం అచ్చుకి వెళ్లే వేళయింది. అందులో మా ట్రస్టు రిజిస్టరైనట్టు పడాలి. చిరునామా లేదు. ఆదరాబాదరాగా వాళ్ల ఆఫీసు చిరునామానే పెట్టి, మా సంతకాలు తీసుకుని పని కానిచ్చేశారు. సర్టిఫికెట్‌ని బంగారు రంగు ఫ్రేము కట్టించి మరీ పంపారు. సాంస్కృతిక కేంద్రం వాళ్లు దాని నకలు చూసి, రాబోయే చలికాలంలో ఒక సాయంత్రం మాకు స్టేజి ఖాయం చేశారు. అలా మాకు సంస్థ వచ్చింది, స్టేజి వచ్చింది, సంగీతం అంటే ఏమిటో కూడా కాగితం మీద వచ్చింది. కూర్చుని వాయించుకోవడానికి జానెడు నేల మాత్రం లేదు.

పార్కులో కూర్చుంటే చౌకీదారు విజిల్ వేశాడు. మా ఇంట్లో మొదలుపెడితే పై నుంచి కర్రపోట్లు. అంకుల్ ఇన్నేళ్లుగా దాన్ని పారేయకుండా దాచుకున్నాడు, పాపం. అయినా కొందరు పిల్లలు వచ్చారు. శ్రీకాకుళం పిల్ల రాలేదు. మా బ్లాకు రోడ్డుకి అవతల. వాళ్ల బాల్కనీ నుంచి కనిపించదు. నేనే వాళ్లింటికి వెళ్లాను.

"ఏటి సేస్తామమ్మా" అంది తల్లి. "గది ఉన్నప్పుడైతే నా కళ్ల ముందర ఉండీది. ఇప్పుడు రోడ్డు దాటి, సీకట్లో, ఆళ్ల నాన్న ఒద్దంతన్నారు. గది మళ్లీ తెరిస్తే సూద్దారి."

ఇంట్లో వాయించుకోమందామంటే ఉన్నవి ఒకటిన్నర గదులు. ఒక మంచం మీద ముసలామె, ఒక మూల పరీక్షకి చదివే తమ్ముడు. వయొలిన్ పెట్టె బీరువా మీదికి చేరింది. సాయంత్రాలు ఊరికే పోతున్నాయని తండ్రి దాన్ని తను ఆఫీసు నుంచి వస్తూ వెంట తెచ్చుకునేలా ఒక కోచింగులో చేర్చాడు.

దీపావళి దాటాక ఒక శనివారం, హాల్లో సోఫా దులుపుతూ ఆ బంగారు ఫ్రేము వంక చూశాను. రిజిస్టర్డ్ ఆఫీసు అని ఉంది, కింద సాకేత్ చిరునామా. ఫలానా అంతస్తు, ఫలానా టవరు. దులపడం ఆపేశాను.

గంటలో పిల్లల్ని పోగేశాను. మృదంగాలు, వయొలిన్లు, ఒక కీబోర్డు, స్టెనో గారు. ఫ్రేము నా చంకలో. మెట్రోలో జనం మమ్మల్ని పెళ్లి మేళం అనుకున్నారు. కింద గార్డు, "కహా జానా హై?" అన్నాడు.

"మా ఆఫీసుకి భయ్యా" అని ఫ్రేము చూపించాను. పైన రిసెప్షన్‌లో అమ్మాయి దాన్ని రెండుసార్లు చదివి ఎవరికో ఫోన్ చేసింది. బయటికి వచ్చింది గుంటూరు అమ్మాయే. నన్నూ పిల్లల్నీ మృదంగాలనీ చూసి మొహం తెల్లబోయింది. తర్వాత ఏమనుకుందో, మెడలో కార్డు తీసి ఆ పొడుగు బల్ల గది తలుపు తెరిచింది. ఆ అమ్మాయి మీద నాకున్న కోపం అక్కడితో పోయింది.

తివాచీ మీద బాసింపట్లు వేసుకుని కూర్చున్నాం. చక్కటి గది, చప్పుడు ఎటూ పోదు. కాసేపు శ్రుతి చేసుకుని, వర్ణం ఎత్తుకున్నాం. చెవి దూరమైన స్టెనో గారు ఇన్నాళ్ల కసి అంతా మృదంగం మీద తీర్చుకుంటున్నారు. గాజు గోడలకి అవతల మొహాలు చేరాయి. పక్క గదిలో పెద్ద వకీలు గారు ఎవరో విదేశీ క్లయింటుతో తెర మీద మాట్లాడుతున్నారట. చరణం సగంలో ఉండగా ఆయనే వచ్చారు.

"వాట్ ఈజ్ దిస్?" అన్నారు.

"సాధన సార్. మా రిజిస్టర్డ్ ఆఫీసులో చేసుకుంటున్నాం" అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో.

ఇది చిరునామా కోసం పెట్టిందే గానీ, అని ఆయన ఏదో అనబోయారు.

"మాకు వేరే చోటు లేదు సార్. ఉన్నది మీ ఉత్తరంతో పోయింది. సంగీతం అంటే ఏమిటో మీవాళ్లే రాశారు, చూసుకోండి, అందులో ఉన్నదే వాయిస్తున్నాం."

"ఎంతసేపు?"

"రోజూ సాయంత్రం సార్. ట్రస్టు శాశ్వతం అని కూడా మీరే రాశారు కదా."

ఆయన పిల్లల వైపు చూశారు. పిల్లలు ఆయన వైపు చూశారు. స్టెనో గారికి ఈ సంభాషణ ఏదీ వినపడక ఇంకా తాళం వేస్తూనే ఉన్నారు. పెద్ద వకీలు గారు జేబులోంచి ఫోన్ తీసి, కిటికీ దగ్గరికి నడిచారు.

"హా భాయ్, కైసే హో?" అని మొదలుపెట్టారు. అవతల ఎవరో చదువుకున్ననాటి స్నేహితుడు. గోల్ఫ్ గురించి కాసేపు, ఎవరి కూతురి పెళ్లి గురించో కాసేపు. తర్వాత, "ఏక్ ఛోటా సా కామ్ థా యార్," చిన్న పనుందని. మా క్వార్టర్ల పేరు చెప్పారు, పసుపు గది అన్నారు. అవతలాయన ఏదో జోకు వేసినట్టున్నాడు, ఈయన పకపకా నవ్వారు. ఒక పిల్లవాడు జారిన తీగని బిగించుకుని మళ్లీ శ్రుతి చూసుకునేలోపు పని అయిపోయింది.

"డన్" అన్నారు నాతో.

సోమవారం లక్క ముద్ర ఊడింది. ఇంజనీరు స్వయంగా తాళంచెవి తెచ్చిచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "రఖ్ లీజియే మేడమ్. కోయీ పూఛే తో కెహ్నా, చాబీ ఎంక్వైరీ మే హై." కాగితం అడగలేదు, ఇవ్వలేదు. ఫైలు మాత్రం ఇంకా పరిశీలనలోనే ఉందట, ఉండనీ.

పిల్లలు గంతులేశారు. మా ఆయన మిఠాయి తెచ్చారు. వకీళ్లు ఇది తమ విజయమని ఈమెయిల్ పంపారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. మొదటి రోజు ఆ పొడుగు బల్ల దగ్గరికి ఆయన వచ్చినప్పుడు ఆ ఫోన్ ఆయన జేబులోనే ఉంది. మనసుకి దగ్గరైన పని అన్నారు కదా, ఉత్తరం వెళ్లాకైనా, ముద్ర పడ్డాకైనా, రిట్ గురించి నెలల తరబడి మీటింగులు పెట్టినప్పుడైనా, ఆ చెయ్యి జేబులోకి వెళ్లలేదు. తన మీటింగుకి అడ్డం వస్తే గానీ వెళ్లలేదు. ఉచితంగా ఇచ్చినవన్నీ వాళ్లకి అక్కర్లేనివే. పనికొచ్చే ఆ ఒక్కటీ మా చేత ధర్నా చేయించుకుని ఇచ్చారు.

ఆ సాయంత్రమే శ్రీకాకుళం వాళ్లింటికి వెళ్లాను. కొరియర్లో అప్పుడే వచ్చిన వకీళ్ల ఏడాది పుస్తకం సంచిలో వేసుకున్నాను. అట్ట మీద మా పిల్ల వేళ్లే ఉన్నాయి, అట్ట నిండుగా. కోపం ఎంత ఉన్నా, తల్లి చూసి సంతోషిస్తుందనిపించింది. గది తెరిచారని చెబితే తల్లి బాల్కనీలోకి నన్ను తీసుకెళ్లి చూపించింది. పసుపు గోడ, దీపం వెలిగిన తలుపు, గుమ్మం ముందు చెప్పులు, అన్నీ కనిపిస్తున్నాయి.

"నాకు ఇష్టమేనమ్మా" అంది. "గాని దానికిప్పుడు సాయంత్రాలు నేవు. కోచింగు మానిపిస్తే ఆళ్ల నాన్న ఊరుకోడు. ఆ గది ముయ్యకపోతే ఆయన దీన్ని అందులో ఏసీవోడే కాదు."

పిల్ల కోచింగు నుంచి వచ్చింది. నన్ను చూసి నవ్వింది గానీ బీరువా మీదికి చూడలేదు. పుస్తకం చేతికిచ్చాను. "యే మేరా హాథ్ హై?" అంది, తన చెయ్యేనా అని. అట్ట మీద దాని వేళ్లు దాని చేతికి రెండింతలున్నాయి. కాయలు, తీగల గాట్లు, గోరింటాకు పట్టని చివర్లు అన్నీ స్పష్టంగా పడ్డాయి. కింద ఇంగ్లీషులో, మేం చట్టంతో జీవితాలు మారుస్తాం అని ఉంది.

అది తన ఎడమచేతిని ఆ బొమ్మ పక్కన పెట్టి చూసుకుంది. బొటనవేలితో మిగతా వేళ్ల చివర్లని ఒక్కొక్కటీ తడుముకుంది. ఇన్నేళ్లలో నాతో తెలుగులో మాట్లాడని పిల్ల, తల వంచుకునే, "మెత్తగా అయిపోయాయి ఆంటీ" అంది.

నేను ఆ చెయ్యి పట్టుకుని చూశాను. మెత్తగానే ఉన్నాయి.